మడమ ఎముక చితికింది: ప్లేటు వేయించాలా, కట్టుతోనే వదిలేయాలా?

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి, పేరు వేయవద్దని కోరుతూ ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె భర్తకు 41 ఏళ్లు, కల్లుగీత వృత్తి. ఆమె ఉత్తరం రాసే నాటికి ఎనిమిది రోజుల ముందు, పొద్దున్నే తాటిచెట్టు దిగుతుండగా మోకు జారి, రెండు నిలువుల ఎత్తు నుంచి నిటారుగా కాళ్ల మీద పడ్డారు. కుడి మడమ వెంటనే వాచిపోయింది. దగ్గరి పట్టణంలో ఎక్స్‌రే తీసి, పాదానికి స్లాబు (సగం సిమెంటు కట్టు) వేసి హైదరాబాద్ పంపారు. అక్కడ సిటీ స్కాన్ తీశారు. రిపోర్టులోని మాటలను చూసి చూసి ఆమె ఉత్తరంలో రాశారు: మడమ ఎముక విరిగింది, కీలు భాగం మూడు ముక్కలై కుంగింది, శాండర్స్ మూడో రకం, బోలర్ కోణం 5 డిగ్రీలు.

ఆ తర్వాత ముగ్గురు డాక్టర్లను కలిస్తే మూడు మాటలు వినిపించాయి. ఒకరు వాపు తగ్గాక బయటివైపు పెద్దగా కోసి ప్లేటు, స్క్రూలు వేస్తామన్నారు. ఇంకొకరు చిన్న కోతతోనే సరిచేయవచ్చన్నారు. మూడో ఆయన, షుగర్ ఇంత ఉండగా కోత పెడితే పుండు మానదు, ఆపరేషన్ లేకుండా వదిలేయడమే మేలన్నారు. షుగర్ ఉన్న సంగతి ఈ ఆసుపత్రి పరీక్షల్లోనే మొదటిసారి బయటపడింది, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 శాతం. ఆయన రోజుకు ఒక కట్ట బీడీలు తాగుతారు. అత్తగారు పుత్తూరు కట్టు కట్టిద్దామని పట్టుబడుతున్నారు. "ముగ్గురు చదువుకున్న డాక్టర్లే గదా, మూడు తీర్లు ఎందుకు చెప్తున్నరు? ఆపరేషన్ చేస్తే మళ్ల చెట్టెక్కుతడా? చేయకపోతే కుంటోడైతడా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం చివర్లో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయంతోనే మొదలుపెడతాను. "నడుము గూడ నొస్తుందంటున్నడు, పండుకొని పండుకొనే అనుకుంటున్నం" అని రాశారు. అలా అనుకుని ఊరుకోవద్దు. ఎత్తు నుంచి కాళ్ల మీద పడినప్పుడు దెబ్బ మడమతో ఆగదు, కాలి ఎముకల గుండా వెన్నెముక దాకా పోతుంది. ఇలా మడమ విరిగిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి నడుము దగ్గర వెన్నుపూస కూడా నలిగి ఉంటుంది. మడమ నొప్పి ముందు ఆ నొప్పి మొదటి రోజుల్లో తెలియదు. కాబట్టి మడమ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా సరే, నడుముకు ఎక్స్‌రే తీశారో లేదో పాత కాగితాల్లో చూడండి, తీయకపోతే వెంటనే అడిగి తీయించండి. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం రేపటి దాకా ఆగకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక మడమ సంగతి. పాదంలోని ఎముకలన్నిటిలో మడమ ఎముకే పెద్దది. దాని పై పెంకు పలచన, లోపలంతా రంధ్రాలతో నిండిన మెత్తటి ఎముక. బూరెను అరచేత్తో పైనుంచి నొక్కితే ఎత్తు తగ్గి, పక్కలకు ఉబ్బి, పెంకు పగిలినట్టే, శరీర బరువంతా ఒక్కసారిగా పైనుంచి పడేసరికి ఈ ఎముక కూడా కుంగి, వెడల్పై, పగులుతుంది. మీ వారి మడమ ఇప్పుడు ఎడమదాని కంటే వెడల్పుగా కనిపించడానికి వాపు ఒక్కటే కారణం కాదు. బోలర్ కోణమంటే ఈ కుంగుడును కొలిచే లెక్క. వియన్నా సర్జన్ లోరెంజ్ బోలర్ 1931లో చెప్పిన ఈ కోణం మామూలు మడమలో 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. 5 డిగ్రీలంటే ఎముక బాగా కుంగిందని అర్థం. శాండర్స్ వర్గీకరణ 1993లో వచ్చింది, అది సిటీ స్కాన్‌లో కీలు ఎన్ని ముక్కలైందో చెబుతుంది. ఒకటో రకంలో ముక్కలు కదలవు, రెండో రకంలో రెండు ముక్కలు, మూడో రకంలో మూడు, నాలుగో రకంలో నుజ్జునుజ్జవుతుంది.

ఆ కీలు ఏం చేస్తుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. పాదాన్ని పైకీ కిందికీ ఆడించేది చీలమండ కీలు, అది మీ వారికి దెబ్బతినలేదు. దాని కింద మడమ ఎముకకు, దానిపైన కూర్చున్న ఎముకకు మధ్య ఉన్న కీలు పాదాన్ని లోపలికీ బయటికీ ఒరిగేలా చేస్తుంది. డాక్టర్లు దీన్ని సబ్‌టేలార్ కీలు అంటారు. సిమెంటు రోడ్డు మీద నడిచేవాడికి దానితో పని తక్కువ. పొలం గట్టు మీద, దున్నిన చెలక మీద, ముఖ్యంగా గుండ్రటి తాటి బోదెను పాదాలతో ఒడిసి పట్టుకునేవాడికి ప్రతి అడుగులో దానితోనే పని. మీ వారికి చితికింది సరిగ్గా ఆ కీలే.

ముగ్గురు డాక్టర్లు మూడు తీర్లుగా ఎందుకు చెప్పారన్నది మీ మొదటి ప్రశ్న. ఈ ముగ్గురిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయడం లేదని నా నమ్మకం. ఈ ఎముక విషయంలో ప్రపంచమంతటా సర్జన్ల మధ్య ఈ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కెనడాలో 424 మంది మీద జరిగిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. మొత్తం మీద చూస్తే ఆపరేషన్ చేసినవారికీ చేయనివారికీ పెద్ద తేడా కనిపించలేదు. కానీ లోతుకు వెళ్లి చూస్తే, వయసులో చిన్నవారికి, మహిళలకు, తేలికపాటి పని చేసేవారికి ఆపరేషన్ మేలు చేసింది. ఆపరేషన్ చేయనివారిలో తర్వాత కీలును అతికించే, అంటే రెండు ఎముకలను కదలకుండా ఒకటి చేసే, మరో ఆపరేషన్ అవసరమైనవారు చాలా ఎక్కువ. 2014లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం 151 మందిని రెండేళ్లు గమనించింది. నొప్పిలోనూ నడకలోనూ తేడా లేదని, పైగా ఆపరేషన్ చేసినవారిలో 23 శాతానికి చిక్కులు వస్తే, చేయనివారిలో 4 శాతానికే వచ్చాయని తేల్చింది. అయితే ఎముక ఆకారం మరీ దారుణంగా చెడినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. స్వీడన్‌లో 82 మందిని చూసిన మరో అధ్యయనంలో, ఏడాదికి కనిపించని తేడా ఎనిమిది నుంచి పన్నెండేళ్ల నాటికి ఆపరేషన్ వైపు కొంత మొగ్గు చూపింది, కీలు అరుగుదల తక్కువగా ఉంది. కాబట్టి ఒక డాక్టర్ ఆ 23 శాతాన్ని తలుచుకుని వద్దంటారు, ఇంకొకరు పదేళ్ల తర్వాతి కీలును తలుచుకుని చేద్దామంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చూడవలసింది ఆ లెక్కల్లో మీ వారు ఎక్కడ నిలబడతారన్నది.

ఈ దెబ్బలో ఎముక ఎంత ముఖ్యమో దాని మీది చర్మమూ అంతే ముఖ్యం. మడమ బయటివైపు చర్మం కింద కండ లేదు, కొవ్వు లేదు, నేరుగా ఎముకే. వాచి, బొబ్బలెక్కి ఉన్నప్పుడు అక్కడ కోస్తే కుట్లు విడిపోతాయి, చీము పడుతుంది, లోపలి ప్లేటు బయటపడుతుంది. ఒక్కోసారి ఎముకకే చీము పట్టి నెలల తరబడి ఆసుపత్రి పాలు కావలసి వస్తుంది. మీ వారికి పుట్టిన రెండు బొబ్బల్లో ఒకదానిలో నీరు ఎర్రగా ఉందని రాశారు. ఎర్రనీటి బొబ్బ అంటే చర్మం లోతుగా దెబ్బతిన్నదని గుర్తు. దాన్ని చిదమవద్దు, ఆకు పసర్లు పూయవద్దు. పాదాన్ని దిండ్ల మీద గుండె ఎత్తున ఉంచి పడుకోబెట్టండి. భోజనానికి లేచి కూర్చున్నప్పుడు కూడా కాలు మంచం కిందికి వేలాడకూడదు. వాపు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి సర్జన్లు చూసే గుర్తు ఒకటుంది. పాదాన్ని మెల్లగా పైకెత్తి కొంచెం బయటికి తిప్పినప్పుడు మడమ బయటివైపు చర్మంలో సన్నటి ముడతలు పడాలి. నిగనిగలాడుతూ సాగి ఉన్నంతకాలం కత్తి పెట్టకూడదు. ముడత పడటానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మూడు వారాలు దాటితే ముక్కలు వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది కాబట్టి సరిచేయడం కష్టం. ఈ జవాబు మీకు చేరేసరికి రెండో వారం నడుస్తూ ఉంటుంది. కంగారు పడవలసినంత ఆలస్యమూ కాలేదు, తీరిగ్గా ఆలోచించేంత వ్యవధీ లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది ఆపరేషన్ లేకుండా చూడటం. నెలల తరబడి గట్టి సిమెంటు కట్టు వేయడమని దీన్ని పొరబడవద్దు. వాపు తగ్గేదాకా స్లాబు, ఆ తర్వాత పాదాన్ని రోజూ ఆడించే కసరత్తులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు కాలు నేల మీద మోపకపోవడం. కోత ఉండదు కాబట్టి చీము భయం లేదు. కానీ 5 డిగ్రీలకు కుంగిన ఎముక అలాగే అతుక్కుంటుంది. మడమ పొట్టిగా, వెడల్పుగా మిగులుతుంది, చెప్పు సరిగా పట్టదు, బయటి చీలమండ కింద నరాలు, కండర తాళ్లు నలిగి నొప్పి పెట్టవచ్చు. కీలు గరుకై ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది. అప్పుడు నొప్పి భరించలేకపోతే కీలును అతికించే ఆపరేషన్ చేస్తారు. అయితే ఆపరేషన్ లేకుండానే పని చేసుకుంటూ బతికేవారు ఎందరో ఉన్నారు, "కుంటోడైతడు" అన్న తీర్పు ఎవరు ఇచ్చినా నమ్మకండి.

రెండోది మీకు మొదటి డాక్టర్ చెప్పిన పెద్ద కోత. మడమ బయటివైపు వెనక నుంచి కిందికి, అక్కడి నుంచి ముందుకు మూలమట్టం ఆకారంలో కోసి, చర్మాన్ని ఎముక మీది పొరతో సహా దళసరిగా పైకెత్తి, కుంగిన కీలును లేపి, ప్లేటుతో బిగిస్తారు. కీలు ముక్కలన్నీ కళ్లెదుట కనిపిస్తాయి, అదే దీని బలం. ఆ కోత మూల దగ్గర రక్తప్రసరణ చాలా తక్కువ, అదే దీని బలహీనత. కుట్లు మానడం ఆలస్యమయ్యేది ఎక్కువగా ఆ మూల దగ్గరే. షుగర్, బీడీ రెండూ ఉన్నవారిలో ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ వారికి ఈ స్థితిలో ఈ దారి నాకు భయం కలిగిస్తోంది, ఆ సంగతి దాచను.

మూడోది చిన్న కోత. బయటి చీలమండ కొసకు కాస్త కింద, మూడు నాలుగు సెంటీమీటర్ల అడ్డకోతలోంచి కీలును నేరుగా చూస్తూ పైకి లేపి, మిగతా స్క్రూలను చిన్న రంధ్రాల్లోంచి ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ బిగిస్తారు. చర్మానికి జరిగే హాని తక్కువ, పుండు చిక్కులు స్పష్టంగా తగ్గుతాయి. కానీ కనిపించే చోటు ఇరుకు కాబట్టి చేయి తిరిగిన సర్జన్ కావాలి. పైగా ముక్కలు కదిలే స్థితిలో ఉండగానే, అంటే వీలైతే రెండు వారాల లోపే చేయాలి. "ఈ పద్ధతిలో మీరు తరచుగా చేస్తుంటారా, కుట్లు విడిపోయినవారు ఎందరుంటారు?" అని ఆ రెండో డాక్టర్ గారినే నేరుగా, మర్యాదగా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. కోత లేకుండా చర్మంలోంచి కడ్డీలు గుచ్చి సరిచేసే పద్ధతి కూడా ఉంది, అది ముక్కలు తక్కువగా ఉన్నవారికి బాగా పనికొస్తుంది. మూడు ముక్కలై కుంగిన కీలును దానితో పూర్తిగా లేపడం కష్టం.

ఇంకో దారిని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. కీలు బాగుచేసే స్థితిలో లేదని ఆపరేషన్ బల్ల మీదే తేలితే, ఎముక ఆకారాన్ని సరిచేసి, ఆ కీలును అప్పుడే శాశ్వతంగా అతికించేస్తారు. ఇది ముఖ్యంగా నాలుగో రకానికి చేస్తారు. పాదం పక్కలకు ఒరగదు, కానీ పైకీ కిందికీ ఆడుతుంది, నొప్పి తగ్గుతుంది. సంతకం పెట్టేముందు, లోపల చూశాక ఆ అవసరం పడవచ్చా అని అడగడం మంచిది. ఎముక ఆకారాన్ని ఇప్పుడు సరిచేసి ఉంటే, ఐదేళ్ల తర్వాత కీలు అరిగి అతికించవలసి వచ్చినా ఆ రెండో ఆపరేషన్ సులువవుతుంది, ఫలితమూ మెరుగ్గా ఉంటుంది. ఇప్పటి ఆపరేషన్ వైపు నేను మొగ్గడానికి ఇదే పెద్ద కారణం.

అత్తగారి మాటను తోసిపుచ్చే ముందు ఆమెకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి. చేయి విరిగినప్పుడు కట్టు కడితే నయమైన వారిని ఆమె కళ్లారా చూసి ఉంటారు, ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. నిటారైన ఎముక విరిగి, ముక్కలు పెద్దగా జరగనప్పుడు ఏ కట్టైనా కదలకుండా పట్టుకుంటే శరీరమే అతికించుకుంటుంది. ఇక్కడ లోపలికి కుంగిపోయిన కీలును బయటి కట్టు ఏదీ పైకి లేపలేదు. పైగా బొబ్బలెక్కిన పాదానికి బిగుతుగా కట్టు కడితే చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ వద్దనుకున్నా సరే, ఈ పాదానికి బిగుతు కట్టు మాత్రం వద్దు.

షుగర్ గురించి భయపడకండి, ఆలస్యమూ చేయకండి. ఫిజీషియన్ దగ్గర ఇన్సులిన్‌తో కొద్ది రోజుల్లోనే రోజువారీ చక్కెరను అదుపులోకి తేవచ్చు, ఆపరేషన్‌కు అది చాలా తేడా చేస్తుంది. ఆ 8.9 మాత్రం మూడు నెలల సగటు కాబట్టి వెంటనే మారదు. పాదాల్లో ముందు నుంచీ తిమ్మిరి ఉందేమో అడగండి. స్పర్శ తగ్గిన పాదమైతే సర్జన్ లెక్క మొత్తం మారుతుంది. బీడీ సంగతి మీ చేతిలో లేదు, ఆయన చేతిలో ఉంది. బీడీ పొగ చర్మానికి వెళ్లే సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, ఎముక అతుక్కోవడాన్నీ ఆలస్యం చేస్తుంది. కుట్లు మానేదాకా రెండు మూడు బీడీలు తాగినా నష్టమేనని డాక్టర్ నోటితోనే ఆయనకు చెప్పించండి, మీరు చెబితే గొడవవుతుందని మీరే రాశారు కదా. ఆయన మానలేనని తేల్చి చెబితే ఆ మాట సర్జన్‌కు దాచకండి. అప్పుడు ఆపరేషన్ లేని దారే మేలు కావచ్చు.

ఏ దారి పట్టినా చంకకర్రలతో రెండు మూడు నెలలు గడుస్తాయి. ఆపరేషన్ అయితే కుట్లు తీయడానికే రెండు మూడు వారాలు, కాలు మోపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అదీ ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పాకే. కొందరు నొప్పి తగ్గిందని ముందే మోపి, లేపిన కీలును మళ్లీ కుంగదీసుకుంటారు. మంచం మీద ఉన్నన్నాళ్లూ వేళ్లు ఆడిస్తూ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు అవసరమా అని అడగండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించండి. పాదం కుదుటపడటానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది.

డబ్బు విషయం. ప్రైవేటులో చెప్పిన లక్షన్నరకు అప్పు చేసేముందు, ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రికి రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి అక్కడి ఆరోగ్యమిత్రతో మాట్లాడండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఈ కేసుకు అనుమతి వస్తుందో లేదో, ఎన్ని రోజుల్లో వస్తుందో ఆయనే చెప్పాలి, ఎందుకంటే మీకు రోజులు లెక్కే. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఎముకల విభాగాల్లో సిటీ స్కాన్ సీడీ చూపించి మరో అభిప్రాయం తీసుకోవచ్చు, స్కాన్ మళ్లీ తీయించనక్కరలేదు. గీత కార్మికుల సహకార సంఘంలో మీ వారికి సభ్యత్వం ఉంటే చెట్టు ప్రమాదాలకిచ్చే ఆర్థిక సాయం గురించి సంఘం పెద్దలను అడగండి, ఆసుపత్రి కాగితం ఒక్కటి కూడా పారేయకండి.

చెట్టెక్కుతారా అన్న ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఏ ఆపరేషన్ చేసినా ఆ కీలు పూర్వంలా ఒరగదు. బాగా కుదిరితే గట్ల మీద నడుస్తారు, బండి నడుపుతారు, బరువులు కొంత మోస్తారు. తాటి బోదె మీద మళ్లీ పాదం నిలబెట్టగలరా అన్నది ఏడాది తర్వాత పాదం ఎంత ఒరుగుతుందో చూసి, ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాకే తేలుతుంది. కీలు అతికించవలసి వస్తే చెట్టు మానుకోవడమే క్షేమం. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఆయన మళ్లీ ఎక్కే రోజు వస్తే ఆ కిట్ లేకుండా ఎక్కనివ్వకండి. ఈలోపు చెట్లను ఎవరికైనా పాలుకు ఇచ్చి, అమ్మకం పని మీ వారు కూర్చుని చూసుకునే ఏర్పాటు గురించి సంఘంలోనే ఇప్పటి నుంచీ మాట్లాడి పెట్టుకోండి.

నా మొగ్గు అడిగితే: రెండో వారంలోపు చర్మం ముడత పడి, షుగర్ దిగి, బీడీ ఆగి, తరచుగా చేసే సర్జన్ దొరికితే చిన్న కోత ఆపరేషన్. ఈ నాలుగింటిలో చర్మం గానీ బీడీ గానీ కుదరకపోతే ఇప్పటికి ఆపరేషన్ లేకుండా చూసి, నొప్పి మిగిలితే తర్వాత కీలు అతికించుకోవడం. రేపు పొద్దున చేయవలసింది మాత్రం నడుము ఎక్స్‌రే, షుగర్ డాక్టర్, ఆ తర్వాత ఆ రెండో సర్జన్ దగ్గరికి బొబ్బలను చూపించడానికి.